విశ్వకర్మ పూజ రోజు నేను విప్పని కంప్యూటర్

హిందీ మాట్లాడే ఉక్కు కార్ఖానా ఊరు మాది, అక్కడి సాక్చి బజారులో ఒక కంప్యూటర్ల షాపులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాను. నా కుర్చీ వెనక గోడ మీద ఇంజనీర్ అని రాసి ఉండేది. నేను ఇంజనీర్ని కాను. ఐటీఐలో రేడియో, టీవీ రిపేరు చదివి, కంప్యూటర్లు వచ్చాక వాటిని విప్పి చూసి నేర్చుకున్నవాణ్ణి. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కార్ఖానా పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఈ ఊళ్ళో తెలుగువాడు ఎవడైనా సరే జనానికి "రావ్ జీ"యే. నా పేరు నిజంగానే అప్పారావు కాబట్టి నాకు ఇబ్బంది లేకపోయింది.

మా చుట్టాల పిల్లలు కొందరు పలాస, విజయనగరం వైపు రిపేరు షాపులు పెడుతున్నారు. మీ అనుభవం నాలుగు ముక్కలు రాసివ్వండి మావయ్యా అని చాలాకాలంగా అడుగుతున్నారు. నా జీతం ఎప్పుడు పెరిగిందో, నాకు సర్టిఫికెట్ ఎవరిచ్చారో మీకెందుకు? అవి చదివి ఒక్క మిషన్ కూడా బాగుచేయలేరు. నేను చేసిన తప్పులు రాస్తాను. అందులో ఒకటి చాలా పెద్దది. దాని దగ్గరికి రావడానికి ముందు కొంచెం పని సంగతి చెప్పాలి.

అట్ట పెట్టె మీద అంకె

తొంభైల చివర్లో ఇంటింటికీ కంప్యూటర్ వచ్చింది. రెండువేలు దాటిన నాలుగైదేళ్ళకే ఆ కంప్యూటర్లన్నీ ముసలివైపోయాయి. కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కదా. అందుకని "ఒక గ్రాఫిక్స్ కార్డు వేసెయ్, పరిగెడుతుంది" అంటూ వచ్చేవారు. తెర మీద బొమ్మ గీసే పనిని మెయిన్ బోర్డు నుంచి తీసుకుని తను మోసే పలక అది. చేతిలో ఇమిడిపోయేంత వస్తువు. దాని పెట్టె మాత్రం చెప్పుల జతకి సరిపోయేంత ఉండేది.

ఆ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఒక అంకె ఉంటుంది: ఇన్ని ఎంబీల మెమరీ అని. కొనేవాడు ఆ అంకె చూసే కొంటాడు, అమ్మేవాడు ఆ అంకె చూపించే అమ్ముతాడు. ఆ అంకెని నమ్మకండి. పని చేసేది చిప్పు. నీరసం చిప్పు పక్కన ఎంత మెమరీ పోసినా, మూడు మెతుకులు తినేవాడి ముందు గుండిగ పెట్టినట్టే. పైన పటారం, లోన లొటారం.

పాత కంప్యూటర్‌కి చవకలో కార్డు చూడాలంటే మూడు ప్రశ్నలు చాలు. ఏం పనికి? ఏ స్లాట్? కరెంటు ఎవరిస్తారు? మొదటిది అడిగేవాళ్ళు ఉన్నారు. రెండోది అడక్క తప్పదు, బోర్డు మీద గాడి సరిపోకపోతే కార్డు పట్టదు కాబట్టి. మూడోది ఎవరూ అడగరు. కంప్యూటర్ డబ్బాలో వెనకవైపు పవర్ సప్లై అని ఒక ఇనప పెట్టె ఉంటుంది. గోడలో కరెంటుని లోపలి భాగాలకు సరిపడేలా తగ్గించి పంచేది అదే. చవక డబ్బాల్లో వచ్చే పవర్ సప్లై మీద ఎంత పెద్ద వాట్లు రాసి ఉన్నా, చేత్తో పట్టుకుంటే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతుంది. లోపల రాగి ఉండాల్సిన చోట రాగి లేదన్నమాట. నేను దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూసేవాణ్ణి. చీటీ అబద్ధమాడుతుంది, బరువు ఆడదు.

పైగా మాది ఇనుము ఊరు. ఇక్కడి దుమ్ముకి అయస్కాంతం చూపిస్తే కొంత లేచి అంటుకుంటుంది. ఆ దుమ్ము పవర్ సప్లై లోపల నాలుగేళ్ళు పేరుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. తెలియక చేసిన తప్పు అయితే దీనికి ఇన్ని కాగితాలు ఖర్చు చేసేవాణ్ణి కాను.

కౌంటర్‌కి అటుపక్క

మా షాపు యజమానిని అందరం సేఠ్ అనేవాళ్ళం. చెడ్డవాడు కాదు. పండగలకి బట్టలు పెట్టేవాడు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రోజూ తన ఇంటి నుంచి క్యారేజీ పంపించాడు. కానీ వ్యాపారంలో ఆయనకి ఒకే ఒక్క సూత్రం. "గల్తీ ఎప్పుడూ కౌంటర్‌కి అటుపక్కే ఉండాలి రావ్ జీ." అంటే తప్పు ఎవరిదైనా సరే, కొన్నవాడి వైపే తేలాలి.

ఒకసారి ఒక బెంగాలీ మాస్టారు కొత్త బోర్డు కంప్యూటర్ తెచ్చారు. నేను అందులో పాత రకం కార్డు గుచ్చాను. పాత కార్డులు ఎక్కువ వోల్టుల మీద నడిచేవి, కొత్త బోర్డులు తక్కువ వోల్టులవి. ఒకదాంట్లో ఒకటి పట్టకుండా కార్డు అంచున గాట్లు వేరుగా ఉంటాయి. అయితే కొన్ని చవక కార్డులకి రెండు గాట్లూ కోసి పంపేవారు, ఎక్కడైనా అమ్ముడుపోవాలని. గాడిలో దిగింది కదా అని స్విచ్ వేశాను. సన్నటి పొగ లేచింది. బోర్డు చచ్చిపోయింది.

నేను నోరు తెరిచేలోగా సేఠ్ వచ్చి, "మాస్టర్ మోషాయ్, మీ ఇంట్లో కరెంటు సరిగ్గా లేదు. బోర్డు ఎప్పుడో బలహీనపడింది. ఇవాళ పోయింది," అన్నాడు. కరెంటు ఎప్పుడూ పోని వీధి మాస్టారిది. ఆయన నా వైపు చూశారు. నేను స్క్రూలు ఏరుకుంటూ తల దించుకున్నాను. ఆయన డబ్బా ఎత్తుకుని రిక్షా ఎక్కారు.

ఆ రోజు అన్నం సహించలేదు. రెండోసారి అలాంటిది జరిగినప్పుడు సహించింది. మీకు చెప్పదలుచుకున్నది అదే. అబద్ధం ఒక్కసారి మింగితే గొంతు అలవాటు పడిపోతుంది. మా షాపు తప్పుని ఊరి నడుమ వాళ్ళకైతే దుమ్ము మీద, కరెంటు నిలకడ లేని శివారు బస్తీల వాళ్ళకైతే కరెంటు మీద తోసేసేది. కొన్నాళ్ళకి సేఠ్ చెప్పక్కర్లేకుండా నేనే చెప్పడం మొదలుపెట్టాను.

సింహాచలం అన్నయ్య

సింహాచలం అన్నయ్య సొంత అన్న కాదు, మా శ్రీకాకుళం వైపువాడు, ఈ ఊళ్ళోనే సీతారాండేరాలో ఉండేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇనప కట్టడాలు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర పాతికేళ్ళు చేత్తో డ్రాయింగులు గీశాడు. బొగ్గు జారే తొట్టె గాని, కన్వేయర్ కింద స్తంభం గాని, ఆయన కాగితం మీద గీస్తే ఫిట్టర్లు ఇంకో ప్రశ్న అడిగేవారు కాదట. కాంట్రాక్టరు ఆఫీసులోకి కంప్యూటర్లు వచ్చాక గీతబల్లలన్నీ తీసేశారు. వాటితో పాటు ఆయన్నీ ఇంటికి పంపించేశారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి.

ఆయన ఏడుస్తూ కూర్చోలేదు. ఎవరో అమ్మేసిన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. కాలేజీ చదువుతున్న కూతురు సునీతని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. ఆయన చెవి మీద పెన్సిల్ పెట్టుకుని వెనక నిలబడి కొలతలు చెబుతుంటే, ఆ అమ్మాయి మౌస్‌తో గీస్తోంది. ఆయన కన్ను, ఆమె చెయ్యి. తెర మీద తొట్టె ఒకటి రేకు రేకుగా లేస్తోంది.

"సూడు తమ్ముడూ, ఈ గుంట సెయ్యి ఎంత సురుగ్గా పోతందో! నాను పదేళ్ళు నేర్సుకున్నది నెల్లో పట్టీసింది."

సునీత నవ్వి, "బాబా, ఆప్ నాప్ బోలియే నా," అంది. కబుర్లాపి కొలత చెప్పమని. తండ్రి తెలుగులో అడగడం, కూతురు హిందీలో జవాబివ్వడం మా ఊళ్ళో ప్రతి తెలుగు ఇంట్లోనూ ఉన్నదే.

కాంట్రాక్టరు ఆయనకి ఒక అవకాశం ఇచ్చాడు. బయటి ఊరి నుంచి పని ఇచ్చే పార్టీ వస్తోంది. వాళ్ళకి తొట్టెని తెర మీద అన్ని వైపులా తిప్పి చూపించాలి. విశ్వకర్మ పూజ మర్నాడు మధ్యాహ్నం బొమ్మ పట్టుకొస్తే, పార్టీకి నచ్చితే, తండ్రీ కూతుళ్ళిద్దరికీ పని ఇస్తానన్నాడు. ఇద్దరికీ! సింహాచలం అన్నయ్య ఆ మాట నాకు మూడుసార్లు చెప్పాడు.

చిక్కల్లా ఎక్కడంటే, బొమ్మ పెద్దదవుతున్నకొద్దీ ఆ పాత కంప్యూటర్ దాన్ని తిప్పలేక కొయ్యబారిపోతోంది. అందుకే కార్డు కోసం నా దగ్గరికి వచ్చారు.

వాళ్ళకి కావలసిన కార్డు మా షాపులోనే ఉంది. చిన్నది, ఫ్యాను కూడా అక్కర్లేనిది, తక్కువ కరెంటు తాగేది. పెట్టె మీద అంకె కూడా చిన్నదే. దాని పక్కన పెద్ద అంకెతో, ఫ్యానుతో ఇంకో కార్డు ఉంది. అవి ఆరు మిగిలిపోయాయని, పూజలోగా వదిలించెయ్యాలని సేఠ్ రెండు వారాలుగా పోరుతున్నాడు. వదిలించుకోవడం కోసం చిన్నదాని ధరకే ఇచ్చేస్తున్నాడు.

సింహాచలం అన్నయ్య రెండు పెట్టెలూ చూసి, "ఏటి తేడా తమ్ముడూ?" అన్నాడు.

సేఠ్ గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తున్నాడు. "పెద్దదే తీసుకో అన్నయ్యా, అదే ధర కదా," అన్నాను.

ఇంటికెళ్ళి నా చేత్తోనే బిగించాను. బిగించేటప్పుడు పవర్ సప్లైని వేళ్ళతో కొంచెం ఎత్తి చూశాను. తేలిగ్గా ఉంది. మార్చమని చెబితే ఇంకో ఖర్చు. ఆయన మొహం చూసి చెప్పలేకపోయానని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఈ డబ్బాకి చిన్న కార్డే సరిపోతుందని అప్పుడు ఒప్పుకోవాల్సి వస్తుంది.

స్విచ్ వేశాను. తొట్టె తెర మీద గిర్రున తిరిగింది. సింహాచలం అన్నయ్య రెండు చేతులూ జోడించి తెరకి దణ్ణం పెట్టాడు. ఇది జరిగిన పన్నెండు రోజులకి పూజ.

పూజ రోజు

మీ వైపు ఆయుధపూజ దసరాకి. మాకు విశ్వకర్మ పూజ ముందు వస్తుంది, సెప్టెంబరు నడుమ. ఈ ఊరికి అంతకంటే పెద్ద పండగ లేదు. కార్ఖానాలో క్రేన్ల నుంచి సాక్చిలో సైకిలు పంపుల దాకా అన్నీ కడిగి, తుడిచి, బొట్టు పెడతారు. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ విగ్రహం ముందు పనిముట్లు పేరుస్తారు. మర్నాడు తీసేదాకా వాటిని ఎవరూ ముట్టరు. నా స్క్రూడ్రైవర్లు, మీటరు, సోల్డరింగ్ ఐరన్ అన్నీ ఆ రోజు షాపు ముందు పందిట్లో సిందూరం బొట్లతో ఉన్నాయి. మైకులో పాటలు మోగుతున్నాయి. నేను కిచిడీ వడ్డిస్తున్నాను.

పదకొండు గంటలప్పుడు సునీత ఆటో దిగి పరుగెత్తుకొచ్చింది.

"అంకుల్, కంప్యూటర్ పది నిమిషాలకోసారి బంద్ అయిపోతోంది. వెనక నుంచి జల్‌నే కీ బాస్ వస్తోంది." కాలుతున్న వాసన అన్నమాట. "ఇంకా కొంచెమే మిగిలింది. రేపే ఇవ్వాలి. ఒక్కసారి వచ్చి చూడండి."

"మీ నాన్న ఏడి?"

"బాబా ఆజ్ ఛూతే నహీఁ." ఈ రోజు నాన్న ముట్టడు అని. "నన్నూ వద్దన్నాడు. కానీ రేపే కదా అంకుల్, పూర్తికాకపోతే ఎలా? నేనే కూర్చున్నాను."

చేతిలో గరిటెతో పందిరి వైపు చూశాను. పనిముట్లు దేవుడి దగ్గరున్నాయి. వాటిని తీస్తే సేఠ్ ఊరుకోడు, నా మనసూ ఒప్పదు. అది నాకు సబబుగానే తోచింది, ఇప్పటికీ తోస్తుంది. మా నాన్న ఆ రోజు ఇంట్లో కత్తిపీట కూడా ముట్టనిచ్చేవాడు కాదు.

"వేడెక్కుతోందంతే అమ్మా. డబ్బా పక్క మూత తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టు. రేపు పొద్దున్నే వచ్చి చూస్తాను," అన్నాను.

ఆమె కదల్లేదు. "వాసన పర్వాలేదా అంకుల్?"

"ఏం కాదు. వెళ్ళు, వెళ్ళు. ఉండు, ప్రసాదం తీసుకెళ్ళు."

ఆకు దొన్నెలో కిచిడీ పెట్టి ఇచ్చాను. రెండు చేతులతో పట్టుకుని ఆటో ఎక్కింది.

పిల్లలూ, ఇక్కడ ఆగి జాగ్రత్తగా చదవండి. ఆ రోజు ముట్టకూడనిది పనిముట్టు. నోటికి నిషేధం లేదు. "ఆపెయ్యమ్మా, రేపు నేను వచ్చేదాకా స్విచ్ వెయ్యకు" అని ఒక్క మాట చాలు. ఆ మాటకి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. మర్నాడు తెల్లారగానే వెళ్ళి వేరే పవర్ సప్లై తగిలిస్తే మధ్యాహ్నంలోగా పని పూర్తయ్యేది. కాలే వాసన వస్తోందని ఎవరైనా చెబితే వేడి అనకూడదు. అది ఈ పనిలో మొదటి పాఠం. పవర్ సప్లై పోతోందని ఆమె వాసన అనగానే నాకు అర్థమైంది. ఆపెయ్ అంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే కార్డు సంగతి వస్తుంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిన కథ ఇది. ఆ మందు రెండుసార్లు వేసిందీ నేనే.

మర్నాడు

నేను వాళ్ళింటికి బయల్దేరే లోపే, షాపు షట్టరు ఎత్తుతుండగా, తండ్రీ కూతుళ్ళు రిక్షాలో కంప్యూటర్ పెట్టుకుని వచ్చేశారు. ఆమె సాయంత్రం దాకా కూర్చుని బొమ్మ పూర్తి చేసిందట. దాచుకునే మీట నొక్కిన కాసేపటికి వెనక టప్‌మని పేలిందట.

పందిట్లోంచి పనిముట్లు తెచ్చి విప్పాను. పవర్ సప్లై లోపల కెపాసిటర్లు ఉబ్బి పగిలి ఉన్నాయి. ఫ్యాను గాలికి ఎగిరిన నల్లటి దుమ్ము అంతటా పరుచుకుంది. పోయేటప్పుడు అది ఒంటరిగా పోలేదు. అదుపు తప్పిన కరెంటుతో హార్డ్ డిస్క్‌ని కూడా కాల్చేసింది. దాని కింది పలక మీద ఒక చిప్పు నల్లగా మాడి ఉంది. వాళ్ళ బొమ్మ ఉన్నది అందులోనే. ఇంకో చోట కాపీ లేదు. అంత పెద్ద బొమ్మ ఫ్లాపీలో పట్టదు. నా దగ్గరికి తెస్తే సీడీలో ఎక్కించి ఇస్తానని నేను ముందే చెప్పి ఉండాల్సింది. అదీ చెప్పలేదు.

"వస్తాదా తమ్ముడూ?" అన్నాడు సింహాచలం అన్నయ్య.

"రాదన్నయ్యా."

ఆయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"సెప్పానా? పూజ రోజున పనిముట్టు ముట్టొద్దని సెప్పానా నేదా? ఇన్నావా? ఆ దేవుడికి కోపం రాదేటి? ఇరవై రోజుల కష్టం బుగ్గి సేసీసినావు గదే!"

"బాబా, మైఁనే అంకుల్ సే పూఛా థా," అంది సునీత. అంకుల్‌ని అడిగాను అని. అంటూ నా వైపు చూసింది.

"అంకులేటి సేత్తాడు? దేవుడు సేసిన దానికి మడిసి ఏటి సేత్తాడు?" అని ఆయన నా వైపు తిరిగాడు. "అంతే గదా తమ్ముడూ? పూజ రోజు నడిపింది గాబట్టే గదా?"

పగిలిన పవర్ సప్లై నా చేతిలోనే ఉంది. అప్పటికే సేఠ్ నా వెనక నిలబడి, "అరే రామ్ రామ్, విశ్వకర్మ పూజ రోజు మిషన్ నడిపారా!" అంటున్నాడు.

నేను తల ఊపాను.

అవునని నోటితో అనలేదు. తల మాత్రం ఊపాను. ఆ అమ్మాయి కళ్ళు నా మీదే ఉన్నాయి. అవి అలా కొంతసేపు ఉండి కిందికి దిగిపోయాయి.

వాళ్ళు వెళ్ళాక సేఠ్ నవ్వి, "దేవుడే మన గ్యారంటీ చీటీ చింపేశాడు రావ్ జీ," అన్నాడు. నేనూ నవ్వాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, నవ్వాను.

సింహాచలం అన్నయ్య ఇంటికెళ్ళి, ఉన్న రెండు గంటల్లో ఆ తొట్టెని కాగితం మీద చేత్తో గీసి పట్టుకెళ్ళాడట. వచ్చిన పార్టీవాళ్ళు ఆ కాగితాన్ని చేతులు మార్చుకుంటూ చూసి, ఎంత అందంగా ఉందో అని మెచ్చుకున్నారట. మెచ్చుకుని వేరే కాంట్రాక్టరుకి పని ఇచ్చారు.

ఆ తర్వాత

ఆయన ఒక సైటులో కూలీల హాజరు వేసే పనిలో చేరాడు. ఎండలో, దుమ్ములో. సునీత మళ్ళీ డ్రాయింగు జోలికి పోలేదు. ఆయన పోనివ్వలేదు. ఆ విద్య మనింటికి అచ్చిరాదన్నాడట. మిషన్‌ని అమ్మేశాడు. ఇంట్లో ఏ నష్టం వచ్చినా, "పూజ రోజు సేసిన పాపం" అని ఆమెను అనడం అలవాటైంది. ఈ సంగతులన్నీ మా ఇంట్లో ఆడవాళ్ళ మాటల్లో నాకు తెలుస్తూనే ఉండేవి. విని లేచి బయటికి వెళ్ళిపోయేవాణ్ణి. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి ఊళ్ళోనే ఇంకో బజారు, బిష్టుపూర్‌లో ఒక బట్టల షాపులో బిల్లులు కొట్టే పనికి కుదిరింది.

సేఠ్ పోయాడు. కొడుకులు షాపు మార్చేశారు, నేను మానేశాను. ఇక భయపడాల్సిన యజమాని లేడు. సింహాచలం అన్నయ్యకి పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడని తెలిసి ఒక ఆదివారం సీతారాండేరా వెళ్ళాను. అప్పటికి పదేళ్ళు గడిచాయి. సునీత టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్ళింది. నేను మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. పెద్ద అంకె కార్డు, తేలికగా ఉన్న పవర్ సప్లై, పందిట్లో చెప్పిన మాట, ఊపిన తల.

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆయన పైకప్పు వైపు చూస్తూనే, "అయితే గుంట తప్పేటీ నేదన్నమాట," అన్నాడు.

"లేదన్నయ్యా. తప్పంతా నాదే."

"దానికి సెప్పావా?"

"ఇంకా లేదు. పిలువు, ఇప్పుడే చెబుతాను."

ఆయన బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతిలో అంత బలం ఉందనుకోలేదు.

"వొద్దు. సెప్పకు. పదేళ్ళు దాన్ని అనరాని మాటలన్నాను తమ్ముడూ. దాని డ్రాయింగు పని నానే ఆపీసినాను. నువ్వు సెప్తే అయ్యన్నీ వొచ్చి నా నెత్తినే కూకుంటాయి. ఈ మంచం మీద నన్ను ఎత్తి దించేది అదే. రేపు అది నా మొకం ఎలా సూత్తాది? నాను పోయేదాకా ఆగు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది. సరే అన్నాను.

గేటు దాకా వచ్చి సునీత అడిగింది. "అంకుల్, బాబా రో రహే థే క్యా?" నాన్న ఏడ్చాడా అని. "ఏం మాట్లాడుకున్నారు?"

"ఏం లేదమ్మా. పాత సంగతులు."

అప్పుడు ఆయన చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పలేదు. ఆ మాట నిజమే. కానీ ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు వద్దనేవాళ్ళు ఎవరూ లేరు. బిష్టుపూర్ వెళ్ళినప్పుడల్లా ఆ షాపు అద్దాల్లోంచి కౌంటర్ వెనక ఆమె కనిపిస్తుంది. నన్ను చూస్తే నమస్తే అంకుల్ అంటుంది. నా మోకాళ్ళ నొప్పుల గురించి అడుగుతుంది. నేను జవాబు చెప్పి వచ్చేస్తాను.

పిల్లలూ, తప్పు ఎవరైనా చేస్తారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కొంత లాభమే. ఆ నిమిషంలో, ఆ మనుషుల ముందు, చేతిలో కాలిన వస్తువు ఉండగానే నాది అని ఒప్పుకోండి. పూట గడిస్తే కష్టమవుతుంది. ఏళ్ళు గడిస్తే అది మీ ఒక్కరి తప్పుగా ఉండదు. దానిలో వేరేవాళ్ళు కాపురాలు పెట్టేసుకుంటారు. దాన్ని కదిపితే వాళ్ళ గోడలు కూలతాయి.

మొన్న సాక్చి కుర్రాళ్ళు వచ్చి, ఇవన్నీ హిందీలో రాసిస్తే ఇక్కడ అందరం చదువుకుంటాం కదా అంకుల్ అన్నారు. నాకు హిందీలో రాయడం అంత బాగా రాదని చెప్పి పంపించాను. ఇరవై ఏళ్ళు బిల్లుల మీద, రిపేరు చీటీల మీద హిందీయే రాశాను. సునీతకి తెలుగు అర్థమవుతుంది గాని చదవడం రాదు. అది తెలిసే దీన్ని తెలుగులో రాశాను.